బీదర్ డాబా మీద తొలి టెలిస్కోపు: కొనేముందు చూడాల్సిన అంకెలు

పిల్లల పుట్టినరోజుకో, మన ముచ్చట కోసమో ఒక టెలిస్కోపు కొందామని వెతికితే ముందుగా కళ్లబడేది ఒక పెద్ద అంకె. చిన్న పెట్టె మీద ‘525 రెట్లు’ అని ఉంటుంది, కాస్త ఖరీదైన దాని మీద ‘675 రెట్లు’ అని. పక్కనే శని వలయాలు, రంగురంగుల నీహారికల ఫొటోలు. ఆ అంకె అబద్ధమేమీ కాదు, లెక్క వేస్తే అలాగే వస్తుంది. కానీ అన్ని రెట్లకు పెంచితే కనిపించేది మసక మచ్చ ఒక్కటే.

పనికొచ్చే అంకెలు మూడు: అద్దం వ్యాసం ఎంత, మీ ఊరి అక్షాంశం ఎంత, ఏడాదిలో చీకటి రాత్రులు ఎన్ని. మొదటిది షాపువాడిని అడగాలి. మిగతా రెండూ ఊరే చెబుతుంది. బీదర్ చెప్పే అంకెలు చాలామందికి తెలియనంత బాగున్నాయి.

675 ఎక్కడ పుట్టింది?

టెలిస్కోపు ఒక వస్తువును ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుందో ఒక్క భాగహారంతో తేలిపోతుంది. టెలిస్కోపు నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్), కన్ను ఆనించే ఐపీస్ నాభ్యంతరంతో భాగించాలి. 900 మి.మీ. నాభ్యంతరం, 114 మి.మీ. అద్దం ఉన్న టెలిస్కోపుకి 4 మి.మీ. ఐపీస్ పెడితే 900 ÷ 4 = 225. మధ్యలో పెంపును మూడింతలు చేసే బార్లో లెన్స్ దూర్చితే 225 × 3 = 675. అలాగే 76 మి.మీ. అద్దం, 700 మి.మీ. నాభ్యంతరం ఉన్న చిన్నదానికి 700 ÷ 4 × 3 = 525. పెట్టె మీది అంకెల పుట్టుక ఇదే.

చిక్కు వెలుతురుతో వస్తుంది. అద్దం పోగేసే వెలుతురు ఎప్పుడూ ఒక్కటే. రెట్లు పెంచేకొద్దీ అదే వెలుతురు ఎక్కువ జాగాలో పరుచుకుని పలచబడుతుంది. అందుకే వాడుకలో ఒక హద్దు ఉంది: అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటి పెంచితే లాభం లేదు. 76 మి.మీ. అద్దానికి ఆ హద్దు 152. దాన్ని 525కి లాగితే బొమ్మ హద్దు దగ్గర ఉన్నదానికంటే 12 వంతులు మసకబారుతుంది, కొత్త వివరం ఒక్కటీ కనబడదు. పైగా మన నెత్తిమీది గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. మామూలు రాత్రుల్లో ఎంత మంచి టెలిస్కోపుతోనైనా 200 రెట్లు దాటితే గ్రహం నీళ్లలో కదిలినట్టు వణుకుతుంది.

గెలీలియో 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామలను పట్టుకున్నది సుమారు 20 రెట్ల గొట్టంతోనే.

అసలు అంకె: వ్యాసం

చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప వ్యాసం దాదాపు 7 మి.మీ. టెలిస్కోపు అద్దం వ్యాసాన్ని 7తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే కంటికంటే ఎన్ని రెట్లు ఎక్కువ వెలుతురు పోగేస్తుందో తెలుస్తుంది. మార్కెట్లో దొరికే సైజులకు ఆ లెక్క ఇదీ:

50 మి.మీ. (10×50 బైనాక్యులర్, ఒక్కో కంటికి): 51 రెట్లు
70 మి.మీ. లెన్స్: 100 రెట్లు, ఉపయోగపడే గరిష్ఠ పెంపు 140
114 మి.మీ. అద్దం: 265 రెట్లు, గరిష్ఠం 228
130 మి.మీ. అద్దం: 345 రెట్లు, గరిష్ఠం 260
150 మి.మీ. అద్దం: 459 రెట్లు, గరిష్ఠం 300
200 మి.మీ. అద్దం: 816 రెట్లు, గరిష్ఠం 400

70 నుంచి 130కి వ్యాసం రెండింతలు కూడా కాలేదు, వెలుతురు మాత్రం మూడున్నర రెట్లయింది. వ్యాసంలో పెరిగే ప్రతి మిల్లీమీటరూ ఇలా వర్గంలో ఫలితమిస్తుంది. నక్షత్రాల వెలుగును ప్రమాణాల్లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. చీకటి ఆకాశం కింద కంటికి 6వ ప్రమాణం దాకా నక్షత్రాలు కనిపిస్తే, 70 మి.మీ.తో 11 దాటి, 130 మి.మీ.తో దాదాపు 12.6 దాకా కనిపిస్తాయి.

వివరం పట్టుకునే శక్తి కూడా వ్యాసం మీదే ఆధారపడుతుంది. 116ని వ్యాసంతో భాగిస్తే, దగ్గరదగ్గరగా ఉన్న రెండు చుక్కలను ఎన్ని ఆర్క్ సెకన్ల దాకా విడదీసి చూపగలదో వస్తుంది. డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం, 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. 130 మి.మీ.కి ఆ హద్దు 0.9. చంద్రుడి మీద ఒక ఆర్క్ సెకను అంటే 1.8 కిలోమీటర్ల పైచిలుకు. ఆ లెక్కన చంద్రుడి మీది కోపర్నికస్ బిలం, 93 కి.మీ. వెడల్పుది, తేలిగ్గా కనబడే పెద్ద వస్తువు. మ్యాపు మీద గీత గీస్తే బీదర్ నుంచి పటాన్‌చెరు దాటేంత దూరం అది.

కోణాన్ని చౌబారాతో కొలవండి

ఆకాశంలో దూరాలన్నీ కోణాల్లోనే మాట్లాడతారు. అది మొదట్లో అయోమయంగా ఉంటుంది. బీదర్‌వాళ్లకి ఊరి నడిబొడ్డునే కొలబద్ద ఉంది. పాతబస్తీలో నిలబడ్డ చౌబారా బురుజు ఎత్తు 71 అడుగులు, అంటే సుమారు 22 మీటర్లు. దాన్ని రెండున్నర కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే అడుగు నుంచి పైకొన దాకా అర డిగ్రీ ఉంటుంది. నిండు చంద్రుడూ సరిగ్గా అంతే. చంద్రుడు అంత పెద్దగా అనిపిస్తాడు గానీ, చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే మాయమైపోతాడు. ఆ వేలి వెడల్పు ఒక డిగ్రీ.

గ్రహాలు ఇంకా చిన్నవి. శని వలయాల వెడల్పు దగ్గరగా వచ్చినప్పుడు 40 ఆర్క్ సెకన్లకు కాస్త అటూ ఇటూ. రూపాయి బిళ్లను 110 మీటర్ల దూరంలో పట్టుకుంటే ఎంత కనబడుతుందో అంత. 65 రెట్లు పెంచితే అదే వలయం 43 ఆర్క్ నిమిషాలవుతుంది. అంటే కంటికి కనిపించే చంద్రుడికంటే పెద్దదే. అయినా మొదటిసారి చూసినవాళ్లు ‘ఇంత చిన్నగా ఉందేంటి’ అంటారు. నల్లటి పెద్ద గుండ్రం మధ్యలో ఒంటరిగా ఉండటం వల్ల అలా అనిపిస్తుంది. కొన్ని నిమిషాలు కన్ను తీయకుండా చూస్తే, గాలి నిలకడపడిన క్షణాల్లో వలయానికీ గ్రహానికీ మధ్య నల్లటి సందు బయటపడుతుంది.

17.9: ఊరు ఉచితంగా ఇచ్చే అంకె

బీదర్ అక్షాంశం 17.9 డిగ్రీలు ఉత్తరం, రేఖాంశం 77.5 డిగ్రీలు తూర్పు. సముద్రమట్టానికి 600 మీటర్ల పైన, దక్కను పీఠభూమి అంచు మీద ఉన్న ఊరు. అక్షాంశం తెలిస్తే ఆకాశంలో ఎంత భాగం మనది అవుతుందో లెక్క కట్టొచ్చు. భూమి తిరుగుతూ ఉంటే ఏడాది మొత్తంలో బీదర్ దిగంతం మీదికి వచ్చే ఆకాశం 97.6 శాతం. లండన్‌లో అది 81 శాతం. ధ్రువం దగ్గర సరిగ్గా సగం. దిగంతాన్ని ఆనుకుని ఉండే పది డిగ్రీల దుమ్మూ పొగా తీసేసినా బీదర్‌కి 94 శాతం మిగులుతుంది.

ధ్రువ నక్షత్రం ఎత్తు ఎప్పుడూ మన అక్షాంశమంతే ఉంటుంది. బీదర్‌లో ఉత్తరాన 18 డిగ్రీలు, అంటే చాచిన చేతి పిడికిళ్లు రెండింటికి కాస్త తక్కువ ఎత్తులో. ఇటు తిరిగితే దక్షిణాన అగస్త్య నక్షత్రం జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో 19 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. ఢిల్లీలో అది 9 డిగ్రీలే. లండన్‌లో ఏనాడూ లేవదు. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ దిగంతం మీద నిలువుగా నిలబడే దక్షిణ శిలువ కూడా బీదర్‌లో 9 నుంచి 15 డిగ్రీల మధ్య కనబడుతుంది. టెలిస్కోపులకు పేరుపడ్డ యూరప్ దేశాల్లో పుట్టిన పుస్తకాలు, చార్టులు ఈ దక్షిణపు ఆకాశాన్ని వదిలేస్తాయి. వాటిని పట్టుకుని వెతికే బీదర్ కుర్రాడు తన వాటా తనకు తెలియకుండానే పోగొట్టుకుంటాడు.

రేఖాంశమూ ఒక పని చేసిపెడుతుంది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖ ప్రకారం నడుస్తాయి. బీదర్ దానికి 5 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున బీదర్ ఆకాశం గడియారం కంటే 20 నిమిషాలు వెనక. సూర్యుడు నడినెత్తి గీత దాటేది సగటున 12 గంటల 20 నిమిషాలకు.

ఒక మే రాత్రి: అరుంధతి నుంచి ఒమేగా సెంటారీ దాకా

ఈ అక్షాంశం విలువ ఒకే రాత్రిలో తెలియాలంటే మే నెల మధ్యలో, రాత్రి పది గంటల ప్రాంతంలో డాబా ఎక్కాలి. పెళ్లిళ్ల కాలం. పట్టపగటి ముహూర్తానికి పురోహితుడు ఎండలోకి వేలు చూపించి ‘అరుంధతి కనబడిందా’ అంటే వధూవరులు తలూపేస్తారు. అసలు అరుంధతి ఈ వేళకి ఉత్తరాన 53 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. సప్తర్షుల తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, ఆయన్ని అంటిపెట్టుకున్న మసక చుక్క అరుంధతి. ఇద్దరి మధ్య దూరం 12 ఆర్క్ నిమిషాలు. మంచి కంటికి టెలిస్కోపు అక్కర్లేదు.

ఇప్పుడు 650 మి.మీ. నాభ్యంతరం ఉన్న 130 మి.మీ. టెలిస్కోపుకి 25 మి.మీ. ఐపీస్ పెట్టండి. 26 రెట్లు. వశిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరని తెలుస్తుంది. వాటి మధ్య దూరం 14 ఆర్క్ సెకన్లు. 10 మి.మీ. ఐపీస్‌కి మారిస్తే 65 రెట్లు. ఆ జంట మధ్య దూరం, కంటికి వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య కనిపించే దూరాన్ని దాటిపోతుంది. అరుంధతి కూడా అదే గుండ్రంలో పక్కన ఉంటుంది. వర్ణపటం తీసి చూసిన శాస్త్రవేత్తలు ఇంకా లోతుకు వెళ్లారు. వశిష్ఠుడిలోని రెండు చుక్కల్లో ఒక్కొక్కటీ మళ్లీ జంటే, అరుంధతికీ ఒక చిన్న తోడు ఉంది. మొత్తం ఆరు.

అక్కడి నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి తిరగండి. 61 డిగ్రీల ఎత్తులో తెల్లగా మెరిసేది చిత్త. చిత్త నుంచి తిన్నగా కిందికి 36 డిగ్రీలు దిగితే, దిగంతానికి 25 డిగ్రీల పైన, కంటికి కాస్త అలుక్కుపోయిన చుక్కలా ఒకటి కనబడుతుంది. అది నక్షత్రం కాదని 1677లో దక్షిణాన సెయింట్ హెలెనా దీవి నుంచి చూసి ఎడ్మండ్ హేలీ గుర్తించాడు. అదే ఒమేగా సెంటారీ. సుమారు కోటి నక్షత్రాల గుంపు, దూరం 17 వేల కాంతి సంవత్సరాల దరిదాపు. ఆకాశంలో దాని వెడల్పు చంద్రుడికంటే కాస్త ఎక్కువే. 26 రెట్ల దగ్గర బూడిద రంగు బంతిలా కనబడి, 65 రెట్ల దగ్గర అంచులు రేణువులుగా విడిపోతాయి. వశిష్ఠుడు, చిత్త, ఒమేగా సెంటారీ మూడూ ఉత్తర దక్షిణాలను కలిపే ఒకే గీతను కొద్ది నిమిషాల తేడాతో దాటతాయి. ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కోవడానికి ఇంతకంటే తేలికైన దారి ఉండదు.

చీకటి లెక్క: 118 కిలోమీటర్లు, 56 రాత్రులు

బీదర్‌కి హైదరాబాదు మ్యాపు మీద గీత గీస్తే సుమారు 118 కి.మీ. దిక్కు తూర్పు ఆగ్నేయం. మహానగరపు వెలుతురు ఆ మూల దిగంతం మీదనే పడుతుంది, నడినెత్తికి రాదు. అసలు ఇబ్బంది ఊళ్లోని వీధి దీపాలే. దక్షిణాన కిందికి ఉండే అగస్త్యుడు, ఒమేగా సెంటారీ వంటివి చూడాలంటే ఊరికి దక్షిణంగా, మన్నాఎఖెళ్లి వైపు వెళ్లాలి. ఊరి వెలుతురు వెనకపడుతుంది. సప్తర్షులు, ఆండ్రోమెడా గెలాక్సీ వంటి ఉత్తరపు వాటికి ఔరాద్ దారి మంచిది.

చోటు మంచిదో కాదో కొలవడానికి పరికరం అక్కర్లేదు. శీతాకాలంలో నడినెత్తి దగ్గరికి వచ్చే కృత్తికలను లెక్కపెట్టండి. నాలుగైదు దాటకపోతే వెలుతురు ఎక్కువున్నట్టు. ఆరు తేలిగ్గా కనబడి, ఏడోది తటపటాయిస్తుంటే ఆ చోటు మీ టెలిస్కోపుకి సరిపోతుంది.

రాత్రుల లెక్క ఇలా వేసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం తీసేస్తే 8 నెలలు. బహుళ పంచమి నుంచి శుక్ల తదియ దాకా సాయంత్రాలు చందమామ బెడద ఉండదు. నెలకి అవి 14. మొత్తం 8 × 14 = 112. మబ్బులకు, మంచుకు, పెళ్లిళ్లకు, పరీక్షలకు సగం పోయిందనుకున్నా 56 మిగులుతాయి. రాత్రికి రెండున్నర గంటల చొప్పున ఏడాదికి 140 గంటలు. సూర్యాస్తమయం తర్వాత పూర్తి చీకటి పడటానికి బీదర్‌లో సుమారు గంటా పావు పడుతుంది. లండన్‌లో జూన్ నెలలో అయితే పూర్తి చీకటే పడదు. చంద్రుడినీ గ్రహాలనూ చూడటానికి చీకటి అక్కర్లేదు కాబట్టి మిగతా రాత్రులూ వృథా కావు.

స్టాండు: గొట్టం కంటే ముందు ఇది చూడండి

తొలి టెలిస్కోపులు అటక ఎక్కడానికి పెద్ద కారణం వణికే స్టాండు. భూమి తిరుగుడు వల్ల ఆకాశం నిమిషానికి 15 ఆర్క్ నిమిషాలు జరుగుతుంది. 65 రెట్ల దగ్గర ఐపీస్‌లో కనబడే జాగా 46 ఆర్క్ నిమిషాలు. అంటే ఒక చుక్క ఈ అంచు నుంచి ఆ అంచుకి మూడు నిమిషాల్లో దాటిపోతుంది. 130 రెట్లకి ఒకటిన్నర నిమిషం. ప్రతిసారీ గొట్టాన్ని తాకాలి. తాకినప్పుడల్లా ఐదు సెకన్లు ఊగే సన్నకాళ్ల స్టాండు మీద చూసేది ఏముంటుంది?

ఈక్వటోరియల్ మౌంట్ చూడటానికి గొప్పగా ఉంటుంది, ఒక్క చక్రం తిప్పితే చుక్క వెంట పోతుంది. దాని ఇరుసును మన అక్షాంశానికి, బీదర్‌లో 18 డిగ్రీలకు, వంచి ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలి. చల్లని దేశాల 40, 50 డిగ్రీలకు సరిపడేలా చేసిన చిన్న మౌంట్లు కొన్ని ఇంత కిందికి వంచితే ఎదురుబరువు కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. కొనేముందు ‘18 డిగ్రీలకు దిగుతుందా’ అని అడిగి తీరాలి. 18 డిగ్రీల ఎత్తు అంటే పక్కింటి నీళ్ల ట్యాంకు చాలు, ధ్రువ నక్షత్రాన్ని మూసేయడానికి.

కొత్తవాళ్లకి డాబ్సోనియన్ మేలు. ఫిరంగిలా పైకీ కిందికీ, పక్కలకీ తిరిగే చెక్క పెట్టె మీద గొట్టం కూర్చుంటుంది, అంతే. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత మఠంలో 1944 నుంచి సన్యాసి. మఠంలో ఉంటూనే పాత గాజు పలకలను అరగదీసి అద్దాలు చేశాడు. 1967లో మఠం విడిచాక, ఆ మరుసటి ఏడు ‘సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్’ అనే బృందం పెట్టి, దారినపోయేవాళ్లను పిలిచి ఆకాశం చూపించాడు. 130 మి.మీ. టేబుల్ మీద పెట్టుకునే రకం, 150 మి.మీ. నేల మీద నిలబెట్టే రకం ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతాయి. రెండోది 15 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మేడ మెట్లు ఎన్నో లెక్కపెట్టుకునే కొనండి.

మొదటి వారం క్రమం

పగలే మొదలుపెట్టాలి. టెలిస్కోపు పక్కన ఉండే చిన్న ఫైండర్‌ని పెద్ద గొట్టంతో ఒకే గురికి తేవడం రాత్రి చీకట్లో జరిగే పని కాదు. 25 మి.మీ. ఐపీస్ పెట్టి కనీసం అర కిలోమీటరు అవతల ఉన్న కదలని వస్తువు మీద గురిపెట్టండి. చౌబారా కొన, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాలో మిగిలిన మినారు పైభాగం, సెల్ టవర్ కొస ఏదైనా సరే, సూర్యుడికి దూరంగా ఉంటే చాలు. పెద్ద గొట్టంలో అది మధ్యకు వచ్చాక ఫైండర్ మరలు తిప్పి అక్కడికే తేవాలి. బొమ్మ తలకిందులుగా కనిపిస్తే కంగారు పడొద్దు, అద్దం టెలిస్కోపులన్నీ అంతే.

రాత్రికి టెలిస్కోపును అరగంట ముందే బయట పెట్టాలి. అద్దం గాలితో సమానంగా చల్లబడకపోతే బొమ్మ మరుగుతున్నట్టు కదులుతుంది. సిమెంటు డాబా పగలంతా మింగిన వేడిని రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది. పెరడో, పొలం గట్టో ఉంటే అదే మేలు. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర చూస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

చూడటం చంద్రుడితో మొదలవ్వాలి, అదీ పౌర్ణమినాడు కాదు. శుక్ల సప్తమి, అష్టమి రాత్రుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర కొండల నీడలు పొడుగ్గా పడి బిలాలు లోతుగా కనబడతాయి. పౌర్ణమికి నీడలుండవు, పిండి ముద్దే.

గురుడైతే గెలీలియో చూసిన నాలుగు చందమామలు 26 రెట్లకే వరుసగా కనబడతాయి. లోపలిది అయో 42 గంటల పైచిలుకులో ఒక చుట్టు, యూరోపా దానికి రెండింతల కాలంలో, గానిమీడ్ నాలుగింతల్లో. సాయంత్రం ఏడింటికి ఒక బొమ్మ, పదింటికి ఒక బొమ్మ కాగితం మీద వేస్తే అయో జరిగినట్టు తెలిసిపోతుంది. గురుడు మనకు ఎదురుగా, దగ్గరగా రావడం 399 రోజులకోసారి, శని 378 రోజులకోసారి, కుజుడు 780 రోజులకోసారి. 2026 అక్టోబరు మొదటి వారంలో శని, 2027 ఫిబ్రవరిలో గురుడు, కుజుడు ఇద్దరూ ఆ స్థితికి వస్తారు. శని వలయాలు 2025 మార్చిలో మనకు అంచు తిప్పి గీతలా అయిపోయాయి. ఇక్కడి నుంచి ఏటేటా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి పూర్తిగా తెరుచుకుంటాయి. ఇప్పుడు మొదలుపెట్టిన వాళ్లకి ఆ మార్పు మొత్తం చూసే అవకాశం ఉంది.

మృగశిర పక్కన వేటగాడి కత్తిలోని నీహారిక బీదర్‌లో 67 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరపు ఆండ్రోమెడా గెలాక్సీదీ దాదాపు అంతే ఎత్తు. పెట్టె మీది రంగులు మాత్రం ఆశించొద్దు. అవి కెమెరా గంటలకొద్దీ పోగేసిన వెలుతురు. కంటికి బూడిద, కాస్త ఆకుపచ్చ ఛాయ. 2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. మధ్యస్థితి రాత్రి 10 గంటల 20 నిమిషాల ప్రాంతంలో, సంపూర్ణ దశ గంటా పది నిమిషాలు. దానికి బైనాక్యులర్ చాలు.

మూడు హెచ్చరికలు

సూర్యుడి వైపు టెలిస్కోపు తిప్పితే చూపు రెప్పపాటులో పోతుంది. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల సన్ ఫిల్టర్ పెట్టెలో వస్తే పారేయండి, వేడికి అది పగులుతుంది. గొట్టం ముందు మూతి మొత్తాన్ని కప్పే సరైన ఫిల్టర్ లేకుండా సూర్యుడి జోలికి పోవద్దు. బీదర్‌లో వాయుసేన శిక్షణ స్థావరం ఉంది, కాబట్టి చుక్కలు చూపించడానికి ఆకుపచ్చ లేజర్ వాడొద్దు. విమానం నడిపేవాళ్ల కళ్లలో పడితే ప్రాణాల మీదికి వస్తుంది. కోట బురుజులు రాత్రి ఆకాశానికి బాగుంటాయని ఆశపడొద్దు, రక్షిత కట్టడాలు పొద్దుగూకాక మనకు తెరిచి ఉండవు.

6 అంగుళాల పాత లెక్క

ఇంత చిన్న అద్దంతో ఏం సాధిస్తాం అనుకునేవాళ్లు విశాఖపట్నం వైపు చూడాలి. బీదర్ అక్షాంశం 17.9, విశాఖది 17.7. రెండు ఊళ్లకూ ఒకే ఆకాశం, విశాఖ మీద వెలిగిన చుక్క 23 నిమిషాల తర్వాత బీదర్ మీదికి వస్తుంది. ఆ విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని 6 అంగుళాల టెలిస్కోపుతో కొలిచారు. 6 అంగుళాలంటే 150 మి.మీ. ఆనాడు ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించుకున్న వ్యాసం ఇవాళ కొరియర్‌లో ఇంటికొస్తుంది.

బీదర్ సొంత గతంలోనూ ఆ ఆసక్తి ఉంది. బహమనీల రాజధాని బీదర్‌కి మారకముందే, 1407లో ఫిరోజ్ షా బహమనీ దౌలతాబాద్ దగ్గర వేధశాల మొదలుపెట్టించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. పని చూస్తున్న హకీం హసన్ గీలానీ చనిపోవడంతో అది ఆగిపోయింది. 1956 దాకా బీదర్ హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఆ హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి నాంది పలికిన నిజామియా వేధశాల ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి అచ్చువేసింది. అక్కడే పనిచేసిన ఉద్యోగి కొడుకు వైను బప్పు కుర్రతనంలో చుక్కల వెలుగు హెచ్చుతగ్గులు రాసుకుంటూ ఎదిగి, 1949లో తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు.

ఆ హెచ్చుతగ్గుల పని ఇప్పటికీ ఔత్సాహికులదే. ఆరుద్ర నక్షత్రం 2019 చివర్లో మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరికి 0.5 ప్రమాణం నుంచి 1.6కి పడిపోయింది. పక్కనున్న రోహిణితో పోల్చి చూసి ఆ తేడాను కంటితోనే పట్టిన వాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

ఇంతకీ ఏది కొనాలి?

ఆసక్తి నిలుస్తుందో లేదో తెలియకపోతే ముందు 10×50 బైనాక్యులర్, ఒక నక్షత్ర పటం. చదువుకునే పిల్లలున్న ఇంట్లో అది ఏ రకంగానూ వృథా కాదు. వీలుంటే హైదరాబాదు బిర్లా ప్లానెటేరియంలోనో, కలబురగి జిల్లా సైన్స్ సెంటర్‌లోనో ఒక ప్రదర్శన చూసి రండి. ఒక చలికాలం గడిచాక కూడా ఉత్సాహం తగ్గకపోతే 130 మి.మీ. టేబుల్ డాబ్సోనియన్. మోసే ఓపిక, పెట్టే చోటు ఉంటే 150 మి.మీ. రెండింటికీ ఐదంకెల డబ్బే అవుతుంది. వెయ్యి, రెండు వేలు తక్కువకు వస్తోందని సన్నకాళ్ల స్టాండు మీదికి జారొద్దు. తోడుగా వచ్చే 25, 10 మి.మీ. ఐపీస్‌లు మొదటి ఏడాదికి చాలు.

షాపువాడిని అడగాల్సినవి మూడే: అద్దం వ్యాసం ఎంత, నాభ్యంతరం ఎంత, గొట్టాన్ని వేలితో తడితే ఎన్ని సెకన్లలో ఊగడం ఆగుతుంది. మొదటి ప్రశ్నకి ‘675 రెట్లు సార్’ అని జవాబొస్తే ఇంకో షాపు చూసుకోండి.